రెండో మైకు

ఢిల్లీ నుంచి ఏ పార్టీ నాయకుడు విజయవాడ సభకి వస్తున్నాడన్నా సత్యనారాయణపురంలో జానకిరామ్‌కి ఫోను వచ్చేది. వేదిక మీద రెండు మైకులుంటాయి. ముందున్నది నాయకుడిది. దానికి ఎడమపక్కన, కాస్త వెనక్కి జరిపి పెట్టింది జానకిరామ్‌ది. నాయకుడు ఇంగ్లీషులోనో హిందీలోనో ఒక ముక్క చెప్పి ఆగుతాడు. జానకిరామ్ దాన్ని తెలుగులో జనం మీదికి వదులుతాడు. చప్పట్లు మోగేది అప్పుడే. నాయకుడు అవి తనవే అనుకుని చెయ్యి ఊపుతాడు.

అతను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. జీతం దానికే వస్తుంది గానీ ఊళ్లో నలుగురూ గుర్తుపట్టేది అనువాదానికే. ఒక్కో నాయకుడిది ఒక్కో బాణీ. ఒకాయన ఊపిరి పీల్చకుండా కాగితం చదువుకుపోతుంటే, జానకిరామ్ అందులోంచి పనికొచ్చే నాలుగు మాటలు ఏరి చెప్పేవాడు. ఇంకొకాయన గొంతు తగ్గిస్తూ తగ్గిస్తూ పోయి ఒక్కసారిగా గర్జించేవాడు. జానకిరామూ తగ్గేవాడు, గర్జించేవాడు. ఒక పెద్దావిడకి మాటమాటకీ చూపుడువేలు ఆడించడం అలవాటు. ఆమె వచ్చి వెళ్లిన రోజు రాత్రి భోజనాల దగ్గర కూడా అతని వేలు ఆడుతుంటే భార్య ఉష నవ్వేది.

"ఆ చెయ్యి ఇవాళ ఎవరిదండీ?"

"ఎవరిదో. రేపటికి పోతుందిలే" అనేవాడు జానకిరామ్.

అతనికి సినిమాల పిచ్చి లేదు, క్రికెట్ పిచ్చి లేదు. ఉన్నదల్లా ఒకటే, అదీ బయటికి చెబితే ఎవరికీ అర్థం కానిది. ఇంగ్లండులో పార్టీ నాయకుణ్ణి ఎన్నుకునే పోటీ జరుగుతోందంటే ఆ ప్రసంగాలన్నీ వినేవాడు. అది సొంతూరు పెడనలో అంటుకున్న పిచ్చి. తండ్రి పాండురంగయ్య నేతగాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, తలకి పైన మేకుకి ట్రాన్సిస్టరు వేలాడుతుండేది. జానకిరామ్ డిగ్రీ చదివే రోజుల్లో ఆ రేడియోలోనే విన్నాడు, ఆ దేశంలో ఒక ప్రధానమంత్రి కుర్చీని సొంత పార్టీ ఎంపీలే ఓట్లేసి కదిలించేశారని. అతనికి ఆశ్చర్యం వేసింది. అక్కడ నాయకత్వం కావాలనుకున్న మనిషి బయటికొచ్చి నిలబడి, నాకు కావాలి అని నోటితో చెప్పాలి. ఎంపీలు విడతలవారీగా ఓట్లేసి ఒక్కొక్కరినీ తప్పిస్తారు. తర్వాత్తర్వాత పద్ధతి ఇంకా పెరిగింది. చివరికి మిగిలిన ఇద్దరూ ఊరూరూ తిరిగి, చందా కట్టిన మామూలు సభ్యుల ముందు నిలబడి, వాళ్లు అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. ఇప్పుడు అదంతా ఫోన్లోనే దొరుకుతోంది. పొద్దున్నే డాబా మీద కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని జానకిరామ్ ఆ సభలు చూసేవాడు. ఎవరు చెమట తుడుచుకున్నారు, ఎవరు బట్టీపట్టిన జోకు వేశారు, ఎవరు ప్రశ్న వేసినామె పేరు గుర్తుపెట్టుకుని పిలిచారు, అన్నీ అతనికి కావాలి.

"మనకి సంబంధం లేని గొడవ. అంతలా ఏం చూస్తారండీ?" అని ఉష అడిగితే చెప్పలేకపోయేవాడు. చెప్పాలంటే గాంధీనగర్ హోటలు సంగతి చెప్పాలి. అది ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటికి జానకిరామ్‌కి పెళ్లి కాలేదు. విజయవాడలో ఒక పార్టీ యువజన విభాగంలో తిరిగేవాడు. గోడల మీద రాతలు రాయడం దగ్గర్నుంచి కుర్చీలు సర్దడం దాకా అన్నీ చేశాడు. పట్టణ అధ్యక్ష పదవి ఖాళీ అయింది. ఓట్లు లేవు, ఢిల్లీ నుంచి పరిశీలకుడు వచ్చి అభిప్రాయ సేకరణ చేస్తాడన్నారు. ఆశ ఉన్నవాళ్లంతా ఆయన గదిలోకి ఒక్కొక్కరుగా వెళ్లి మాట్లాడాలి. జానకిరామ్ ప్రసంగం తయారు చేసుకున్నాడు. ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ, నీళ్ల హోరులో ఎవరికీ వినబడదని, గట్టిగా చెప్పుకుని చూసుకున్నాడు.

తీరా వెళ్లేసరికి, వచ్చిన పరిశీలకుడికి తెలుగు ముక్క రాదు. హోటలు మెట్ల దగ్గరే స్నేహితుడు బంగార్రాజు పట్టుకున్నాడు. బంగార్రాజుది ఆటోనగర్లో లారీ విడిభాగాల కొట్టు. అతనూ ఆ పదవికే వచ్చాడు.

"ఒరేయ్, నువ్వు కాస్త లోపల కూచోరా. ఆయనకి మా మాటలు తిప్పి చెప్పు. నీ వంతు ఎటూ చివర్లో పెట్టుకోవచ్చు."

జానకిరామ్ కూర్చున్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు మాట్లాడారు. ఒకడు కులం చెప్పుకున్నాడు, ఒకడు జైలుకెళ్లానన్నాడు, ఒకడు ఏడ్చాడు. ప్రతి ఒక్కరి మాటనీ జానకిరామ్ ఇంగ్లీషులోకి నీటుగా మార్చి చెప్పాడు. నేనైతే ఈ పట్టణంలో పార్టీని నిలబెడతాను, నన్ను నమ్మండి అని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్లందరి తరఫునా చెబుతూనే ఉన్నాడు. బంగార్రాజు తడబడ్డాడు. మధ్యలో ఆగిపోయాడు. ఆ ఆగినచోట జానకిరామ్ రెండు మంచి మాటలు తనవి కలిపాడు. ఎందుకు కలిపాడో తనకే తెలియదు. వాక్యం సగంలో విరిగిపోతుంటే చూడలేకపోయాడు, అంతే.

చివరికి పరిశీలకుడు కళ్లజోడు తీసి, రైలుకి టైమవుతోందంటూ అడిగాడు. "ఇంకెవరైనా మిగిలారా?"

నేనున్నాను అంటే సరిపోయేది. పొద్దున్నుంచీ అంతమంది తరఫున అన్న మాటే. కానీ ఆ ముసలాయన అలసిపోయిన ముఖం, సర్దేసిన సూటుకేసు కనిపించాయి. "లేరు సార్. అందరూ అయిపోయారు" అన్నాడు జానకిరామ్.

"మీ ఇంగ్లీషు చాలా బాగుంది" అని భుజం తట్టి వెళ్లిపోయాడాయన.

కొన్నాళ్లకి సీల్డు కవరులో బంగార్రాజు పేరు వచ్చింది. దండలతోనే వచ్చి జానకిరామ్‌ని కౌగిలించుకున్నాడు. "నీవల్లేరా ఇది" అన్నాడు. నిజం కూడా అదే. ఆ తర్వాత ఢిల్లీ నుంచి ఎవరొచ్చినా బంగార్రాజు జానకిరామ్‌నే పిలిచాడు. అది చూసి వేరే పార్టీలవాళ్లూ పిలిచారు. అలా రెండో మైకు అతనిదైపోయింది. తను పార్టీ నుంచి ఎప్పుడు తప్పుకున్నాడో కూడా ఎవరూ గమనించలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో, ఇంగ్లండు పోటీ ఒకటి చూస్తుండగా హాల్డెన్ అనే ఆమె కనిపించింది. చాలామంది అభ్యర్థుల్లో చివరి కుర్చీ ఆమెది. సన్నగొంతు, చేతిలో నలిగిన కాగితం. ఈ పదవి మీకెందుకు కావాలని అందర్నీ అడిగారు. దేశం అన్నారొకరు, బాధ్యత అన్నారొకరు. ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది. "నాకు కావాలి కాబట్టి. చిన్నప్పట్నుంచీ కావాలనే ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇంకో కారణం చెబితే అబద్ధమవుతుంది" అంది. హాల్లో నవ్వులు. మొదటి విడతలోనే ఆమె ఓడిపోయింది. మిగతావాళ్ల పోటీ వారాల తరబడి సాగింది. జానకిరామ్ మాత్రం వెనక్కి వెళ్లి ఆ చిన్న ముక్కే మళ్లీ మళ్లీ చూశాడు. కాఫీ చల్లారిపోయేది.

ఆమె మనిషిగా తన ముందుకి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. ఎంపీ పదవి పోయాక ఆమె ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. పెడన కలంకారీ గుడ్డ లండన్లో అమ్మిపెట్టే సంస్థ అది. అద్దకం షెడ్లు చూడ్డానికి ఆమె వస్తోందని, అనువాదానికి రావాలని పెడన చేనేత సొసైటీ వాళ్లు ఫోను చేస్తే, జానకిరామ్ ఆమె పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

గన్నవరంలో ఆమెని ఎక్కించుకుని కారు గుడివాడ మీదుగా బయల్దేరింది. రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు ఎండకి మెరుస్తున్నాయి. ఎంతసేపు ఆపుకున్నా ఆగలేక, ఆ రోజు మీరు మాట్లాడింది నేను విన్నానండీ అని చెప్పేశాడు. ఆమె ముఖం ఎర్రబడింది.

"ప్రపంచంలో ఎవరూ వినలేదనుకున్నాను. నా సొంత పార్టీవాళ్లతో సహా."

"ఓడిపోయాక ఎలా ఉండేదండీ?"

"గిన్నెలు కడుగుతూ అదే ప్రసంగం మళ్లీ చెప్పుకునేదాన్ని. ప్రతిసారీ ఆ రోజుకన్నా బాగా వచ్చేది." నవ్వింది. "మీరెప్పుడైనా నిలబడ్డారా?"

జానకిరామ్ తనదీ పెడనేనని చెప్పాడు, హోటలు సంగతీ చెప్పాడు. ఉషకి కూడా చెప్పనిది, చెరువులు దాటిపోతుంటే ఒక పరాయి మనిషికి చెప్పాడు. ఆమె జాలిపడలేదు. "ఇంకెవరైనా ఉన్నారా అని మిమ్మల్ని అడిగారు కదా" అంది నెమ్మదిగా.

సభ సొసైటీ హాల్లో. నేతవాళ్లు, అద్దకంవాళ్లు నిండా కూర్చున్నారు. ఆమె చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడింది. రంగుల గురించి అడిగింది, చేతుల గురించి అడిగింది. అంత తేలికైన అనువాదం జానకిరామ్ ఎప్పుడూ చేయలేదు. ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది. అతను అలవాటుగా తిప్పి చెబుతూనే ఉన్నాడు.

"నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇప్పుడు నాకు వినాలనుంది. నా పక్కనున్న ఈయన మీ ఊరివాడే..."

అక్కడ జానకిరామ్ నోరు ఆగిపోయింది. ఆమె అప్పటికే ముందు మైకు వదిలేసి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

జానకిరామ్ ముందుకి నడిచాడు. బ్యారేజీ మీద చెప్పుకున్న ప్రసంగం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. కానీ అది ఏ పార్టీ కోసం రాసుకున్నాడో ఆ పార్టీ అప్పటిలా లేదు, ఆ కుర్రాడూ లేడు. హాలంతా ఎదురుచూస్తోంది. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు.

"నాకు మాట్లాడాలని ఎప్పట్నుంచో ఉందండీ" అన్నాడు. "తీరా నిలబడితే ఏం మాట్లాడాలో తెలీట్లేదు."

జనం నవ్వారు. మొదటి వరసలోంచి సంపూర్ణమ్మ అనే ముసలామె గొంతెత్తింది. జానకిరామ్ వాళ్ల పాత వీధిలో మగ్గాలకి నూలు ఆసులు తోడిన మనిషి. "నువ్వు పాండురంగయ్య కొడుకువి కదంటయ్యా! ఏదో ఒకటి చెప్పు నాయనా, వింటాం."

అతను తండ్రి గురించి చెప్పాడు. "మా నాన్నకి ఇంగ్లీషు రాదండీ. అయినా మగ్గం పైన రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టుకునే నేసేవాడు. నీకర్థం కాదు కదా, కట్టెయ్ నాన్నా అంటే, వాళ్లెవరో మాట్లాడుకుంటన్నార్రా, మధ్యలో నోరు మూయిస్తే బాగోదు అనేవాడు." ఇంకో రెండు మాటలు అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎవరి గర్జనా అందులో లేదు, ఎవరి వేలూ ఆడలేదు. ముందు మైకు ఎత్తు అతనికి సరిపోలేదు, వంగి మాట్లాడాల్సి వచ్చింది. తొందరగానే దిగిపోయాడు. చప్పట్లు పెద్దగా మోగలేదు గానీ సంపూర్ణమ్మ కళ్లొత్తుకుంది.

తెలుగు తెలియని హాల్డెన్ అంతసేపూ అతని ముఖమే చూస్తూ కూర్చుంది. "ఏం చెప్పారు?" అని కార్లో అడిగింది.

"మా నాన్న గురించండీ" అన్నాడు. మిగతాది ఇంగ్లీషులోకి రాలేదు.

ఆ రాత్రి ఉషకి అంతా చెప్పాడు, హోటలు సంగతితో సహా. ఆమె వింటూ వింటూ కంచం ముందు నుంచి లేవడం మర్చిపోయింది. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదండీ?" అంది. మళ్లీ తనే, "ఇవాళ అనుకున్నదంతా చెప్పగలిగారా మరి?" అనడిగింది.

"ఎక్కడ! మొదలు కూడా పెట్టలేదు" అన్నాడు జానకిరామ్.

దాంతో ఆ కోరిక తీరిపోతుందని ఉష అనుకుంది. అతనూ అనుకున్నాడు. కానీ అది తిరగబెట్టింది. అంతకుముందు మాట్లాడలేదన్న బాధ ఒక్కటే ఉండేది. ఇప్పుడు మాట్లాడితే ఎలా ఉంటుందో తెలిసిపోయింది. క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. బంగార్రాజు పిలిస్తే ఢిల్లీ నాయకుడి సభకి వెళ్లాడు, ఎప్పట్లాగే గర్జించాడు, వేలు ఆడించాడు. నాయకుడు నీళ్లు తాగడానికి ఆగినప్పుడు ముందు మైకు ఖాళీగా కనిపించింది. దాని దగ్గరికి రెండడుగులు ఉంటుంది. నాయకుడు గ్లాసు కింద పెట్టేదాకా దానివంకే చూస్తూ నిలబడ్డాడు.

ఇంగ్లండులో ఇంకో పోటీ వచ్చింది. పొద్దున్నే డాబా మీద కూర్చుని అభ్యర్థుల పేర్లన్నీ వెతికాడు. హాల్డెన్ పేరు లేదు. కొత్తవాళ్లంతా చక్కగా మాట్లాడారు. ఒక్కరూ కాగితం మడిచి పక్కన పెట్టలేదు. కాసేపటికి ఫోను బోర్లించి, గోడ మీద వాలిన పిచ్చుకల్ని చూస్తూ ఉండిపోయాడు.

వానాకాలం చివర్లో పెడన నుంచి ఫోను వచ్చింది. సొసైటీవాళ్లు కొత్త అద్దకం షెడ్డు కట్టారు. ప్రారంభానికి రావాలన్నారు.

"ఎవరొస్తున్నారండీ? హిందీనా, ఇంగ్లీషా?" అనడిగాడు జానకిరామ్.

"ఎవరూ రావట్లేదండి. మీరే మాట్లాడాలి. సంపూర్ణమ్మగారు మిమ్మల్నే పిలవమని పట్టుబట్టింది."

అతను ఏం మాట్లాడాలో రాసుకోలేదు. బ్యారేజీ మీద నడుస్తూ ఆలోచించుకున్నాడు. ఈసారి తండ్రితో మొదలుపెట్టి ఆగకూడదనుకున్నాడు. ఆ మగ్గాలు ఏమయ్యాయో చెప్పాలి, షెడ్డులో రంగునీళ్లలో నిలబడే ఆడవాళ్ల కాళ్ల గురించి చెప్పాలి, తను ఎందుకు ఊరు వదిలాడో చెప్పాలి. ఉష తనూ వస్తానంది.

ముందురోజు తుపాను పట్టింది. పెడన, బందరు వైపు బస్సులు ఆపేశారు. షెడ్డు ముందు వేసిన పందిరి నేలకి ఒరిగిందని, ప్రారంభం వాయిదా వేశామని సొసైటీ నుంచి కబురొచ్చింది. ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీ వెనక వేలాడుతోంది. వీధిలో నీళ్లు మోకాలి దాకా వచ్చాయి.

"మళ్లీ ఎప్పుడటండీ?" అంది ఉష.

"నీళ్లు తీశాక చెబుతామన్నారు" అన్నాడు జానకిరామ్. కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాన హోరులో అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి.