ఎడమ కాలికి కోత, కుడి కాలికి చిల్లులు

నలుగురు కూర్చున్న చోట ఇంపీ కాలికి మేజోళ్ళు నిలవవు. చలిప్రాంతపు గని ఊరైన హాన్‌కాక్ జనం ఆమెను చూసి కుర్చీలు వెనక్కి జరుపుకోవడానికి ఆ ఒక్క గుణం చాలు. పేరుకే ఇంపీ, చూపించేది మాత్రం అంత ఇంపుగా ఉండదు.

రెండు కాళ్ళకీ బొటనవేలి మొదట్లో పెరిగిన ఎముక బుడిపెలు సరిచేయించుకుంది. ఎడమ పాదం తెరిచి చేశారు. పక్కన జెర్రి పాకినట్టు గీత. కుడి పాదానికి సన్నని చిల్లులు పెట్టి, ఎక్స్‌రేలో చూస్తూ లోపల్లోపలే ఎముక కోసి సరిచేశారు. నల్లి కుట్టినట్టు చుక్కలు.

సౌనా అనే ఆవిరి స్నానాల గదిలో ఆడవాళ్ళు కూర్చుంటే ఇంపీ పై బల్ల ఎక్కేది. కింద బల్ల వాళ్ళ చెవుల పక్కన ఆమె పాదాలు.

"తల తిప్పవే, ఏది బాగుందో చెప్పు."

"ఊపిరాడక చస్తున్నాం తల్లీ!"

"చచ్చేలోగా చెప్పు."

గని మూతపడ్డాక ఆ ఊళ్ళో చావు భోజనాలే పండగలు. సొంత మొగుడి అంత్యక్రియలనాడు కూడా, చర్చి కింది గదిలో, పాస్టరు కాఫీ పోస్తుంటే ఇంపీ కాలెత్తి బల్ల మీద పెట్టింది. "పాపం, మా ఆయన ఏనో మంచివాడు. ఇది చూశారా? చిల్లులకి మొదట్లో నొప్పి తక్కువండీ. వాపు మాత్రం రెండింటికీ నెలల తరబడే. ఎముక అతుక్కోవడానికి దేనికీ తొందర లేదు." పాస్టరు కాఫీ తన చేతి మీదే పోసుకున్నాడు.

ఊరంతా నవ్వినా చెల్లెలు హెల్మీ నవ్వేది కాదు. ఆమె మంచులో ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచే మనిషి. బొటనవేలు వంగి, పక్క వేలు దాని మీదికెక్కి, బూటు పట్టడం మానేసింది. వచ్చే చలికాలం నడవలేకపోతే ఉద్యోగం పోతుంది. ఆ ఊళ్ళో ఇంకో ఉద్యోగం దొరకదు. కానీ వాళ్ళమ్మ తుంటి ఆపరేషనుకి వెళ్ళి బల్ల మీదే పోయింది. అప్పట్నుంచి కత్తి పేరెత్తితే హెల్మీకి శవపేటికే కనిపించేది.

"చిల్లులైతేనే సరే," అని అక్కను వెంటబెట్టుకుని, అక్కకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ బోయ్డ్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మాటలు తక్కువ మనిషి. పాదాన్ని వంచి, తిప్పి, చాలాసేపు చేత్తోనే చూసింది.

"ఇది బాగా వంగిపోయింది. కీలు కూడా పట్టు వదిలింది. చిల్లుల్లోంచి నాకు కుదరదు. తెరిచి కళ్ళతో చూస్తూ చెయ్యాలి."

హెల్మీ బూటు అందుకుంది. "పదక్కా, ఇంటికి పోదాం."

"నాకూ తెరిచే చేశారు కదే."

"నీకు వేరే దారి లేక చేయించుకున్నావు."

ఇంపీ మేజోడు పైకి లాక్కుంది. ఆమె కాలు దాచుకోవడమనే వింత ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"చెప్పెయ్యనా?" అంది డాక్టరు. ఇంపీ విసుగ్గా చెయ్యి ఊపింది.

"మీ అక్క ఎడమ కాలికి రెండు పద్ధతులూ పనికొచ్చేవే. చిల్లులతో పోనిద్దామన్నాను. 'మా చెల్లి కాలు ఎప్పటికైనా కొయ్యక తప్పదు, ముందు నాది కొయ్యండి, అది చూడాలి' అని పట్టుబట్టింది."

హెల్మీ అక్క వైపు తిరిగింది. "అమ్మలాగే నువ్వూ పోయుంటే?"

"నీ మాటే నిజమయ్యేది. నా చావు భోజనంలో 'నే చెప్పలా' అని అందరికీ చెప్పుకునేదానివి."

"కోతకి నొప్పే లేదని నాతో అన్నావుగా?"

"అబద్ధం. దిండు కొరుక్కుంటూ ఏడ్చా."

హెల్మీ బూటు కింద పడేసి, పాదాన్ని డాక్టరు ఒళ్ళోకి తోసింది.

"కొయ్యండి. గీత మాత్రం అక్కదానికంటే పొడుగ్గా రావాలి."

"వస్తుందిలే," అంది ఇంపీ. "నీవి ముందునుంచీ ఏనుగు కాళ్ళు."