ఐదో అక్షరం, ఆరో అక్షరం

నిన్న మధ్యాహ్నం మా తిరుమలగిరి బ్రాంచిలో ఒక ముసలాయన నా బల్ల ముందు కూర్చుని, జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. నీలగిరి తైలం వాసన గుప్పుమంది. ఆయన ఏదో అడుగుతున్నాడు కానీ నాకు వినపడలేదు. పన్నెండేళ్ల కిందట, సికింద్రాబాదు స్టేషనుకు దగ్గర్లోని పాత బ్రాంచిలో, ఏసీ గాలి పడక రోజంతా ఆ తైలం చుక్కలేసిన రుమాలు పట్టుకుని కూర్చునే సుగుణ మేడం గుర్తొచ్చారు. ఆవిడ పోయి మూడేళ్లయింది. మంచివాళ్లు గుర్తొస్తే మనసు చల్లబడుతుందంటారు. నాకు ఆవిడ గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఎందుకో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మేడంది బొల్లారం. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు, సోమవారం నుంచి శనివారం దాకా మాకు చీవాట్లు పెట్టేవారు. విదేశాలకు డబ్బు పంపే సెక్షనుకు ఆవిడే ఆఫీసరు. నేను కాగితాలు నింపి కంప్యూటర్లో ఎక్కించాలి, ఆవిడ సరిచూసి పంపాలి. చేరిన మొదటి రోజే నా చేత ఒక స్విఫ్ట్ కోడ్, అంటే డబ్బు ఏ దేశంలో ఏ బ్యాంకుకు చేరాలో చెప్పే గుర్తు, చదివించారు. ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు. డిగ్రీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న దాన్ని, ఇదేం పరీక్ష అనుకుని గడగడా చదివేశాను.

“ఏందీ, గిట్ల మింగుకుంట చదువుతవ్? జెర ఆగి చదువు పద్మా. మొదటి నాలుగు?”

“బ్యాంకు పేరు మేడం.”

“అది ఇంటిపేరు. తర్వాతి రెండు దేశం. ఆ తర్వాతి రెండు ఊరు. ఎనక ఇంకో మూడుంటే బ్రాంచి, లేకుంటే పెద్దాఫీసు. అందరూ ఇంటిపేరు చూసి మురుస్తరు. ఇంటిపేరు ఒక్కటైతే ఇల్లొక్కటైతదా? ఐదు, ఆరు అక్షరాల కాడ ఆగాలె. ఆగి, ఏ దేశమో నోటితో చెప్పాలె.”

ఆవిడ దగ్గర ఇదొక తంతు. కోడ్ పైకి చదవాలి, నాలుగు అక్షరాలయ్యాక ఆగాలి, దేశం పేరు చెప్పాలి, అప్పుడు మిగతాది. అదీ స్క్రీను చూసి కాదు, ఖాతాదారు తెచ్చిన కాగితం చూసి చదవాలి. వెనక క్యాషు కౌంటర్లో వాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు, “మీ ప్రార్థన అయిందా?” అని. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. ఆవిడ ముందు చదివేటప్పుడు మాత్రం బుద్ధిగా మొహం పెట్టేదాన్ని.

ఆవిడ ఎంత పోరినా మా బ్రాంచిలో మానని అలవాటు ఇంకొకటుండేది. డబ్బు పంపడానికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ ఫారం నింపడం రాదు. అందుకని ఖాళీ ఫారం మీదే సంతకం పెట్టించుకుని, “మిగతాది మేం నింపుకుంటాం, మీరు వెళ్లండి” అనేవాళ్లం. వాళ్లు దండం పెట్టి మరీ వెళ్లేవాళ్లు. “ఖాళీ కాగితం మీద సంతకం తీసుకునుడు ఉపకారం గాదే,” అని మేడం గొడవ పెట్టుకునేవారు. ఆవిడకు చాదస్తం అని నేను తీర్మానించేశాను.

రెండో ఏడు ఎండాకాలంలో ఆదిలక్ష్మి వచ్చింది. మేముండే కాప్రాలోనే రెండు వీధుల అవతల అద్దెకుండేది, ఒక స్కూల్లో ఆయా. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. భర్త సూర్యనారాయణ గల్ఫులో వెల్డరు. రెండు కిడ్నీలూ పాడై అక్కడి ఆసుపత్రిలో పడ్డాడు. పని ఇచ్చిన కంపెనీ చేతులెత్తేసింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారట. కానీ బిల్లు కట్టనిదే ఆసుపత్రి వాళ్లు వదలరు. చీటీ పాడుకుని డబ్బు తెచ్చింది. ఆసుపత్రి వాళ్ల బ్యాంకు పేరు, ఖాతా నంబరు ఫోనులో ఉన్నాయి. కోడ్ మాత్రం లేదు.

“మా ఆయన ఇంటికొచ్చేసి పోవాలంతన్నాడమ్మా. మనోల్ల మధ్యన పోతానంతన్నాడు. తొరగా పంపీమ్మా,” అంది.

“నేనున్నానుగా, మీరేం కంగారు పడకండి,” అన్నాను. మా వైపు మనిషి కదా అని నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఖాళీ ఫారం ముందుకు తోసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలుతో చూపించాను. ఆ తర్వాత కంప్యూటర్లో బ్యాంకు పేరు కొట్టి వెతికాను. అదే పేరుతో ఆ బ్యాంకు రెండు దేశాల్లో ఉంది. మొదటి నాలుగు అక్షరాలు ఒకటే. పైన కనబడినదాన్ని ఎక్కించేశాను. అక్కడి ఖాతా నంబర్ల మొదట్లోనే దేశం అక్షరాలు రెండుంటాయి, వాటితో పోల్చినా తెలిసిపోయేది. పోల్చలేదు. ఆ రోజు పంపే గడువు ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుంది.

“చదువు,” అన్నారు మేడం. స్క్రీను చూసి చదివాను. నాలుగు అక్షరాల దగ్గర ఆగలేదు. “ఐదు, ఆరు ఏ దేశం? ఆమె కాగితం ఏదీ?” అన్నారు. “అన్నీ చూశాను మేడం, టైమైపోతోంది, పాపం ఆవిడ కూర్చునుంది,” అన్నాను. మేడం ఒకసారి ఆదిలక్ష్మి వైపు చూశారు. చూసి, పంపేశారు. ఎన్నేళ్ల పట్టుదలో నా ఒక్క మాటకి వదిలేశారు.

మూడో రోజు ఆదిలక్ష్మి వచ్చింది, డబ్బు చేరలేదంటున్నారని. “విదేశం కదా, పడుతుంది,” అన్నాను. ఐదో రోజు మళ్లీ వచ్చింది. అప్పుడు తీసి చూశాను. ఆ డబ్బు ఇంకో దేశంలో, అలాంటి ఖాతాయే లేని బ్యాంకులో పడి ఉంది. ఆదిలక్ష్మిని ఇంకో రెండ్రోజులు ఆగమని పంపేసి, మేడంకి చెప్పాను. ఆవిడ అరవలేదు. వెనక్కి పంపమని అక్కడికి సందేశం పెట్టి, ఈలోగా బ్యాంకు డబ్బుతో మళ్లీ పంపడానికి అనుమతి ఇమ్మని పై ఆఫీసుకు ఫోను మీద ఫోను చేశారు. నిబంధన లేదన్నారు. ఎనిమిదో రోజు పొద్దున సూర్యనారాయణ అక్కడే చనిపోయాడు. డబ్బు పదకొండో రోజున వెనక్కి వచ్చింది.

పై ఆఫీసు నుంచి వచ్చినాయన ఫారం తిరగేసి, “ఇందులో కోడ్ కింద కస్టమర్ సంతకం ఉంది కదమ్మా, తప్పు ఆమెది. మీరెందుకు పరేషాన్ అవుతారు? అలాగే రాసి మూసెయ్యండి,” అన్నాడు. ఏం చెప్పను, ఆ మాట వినగానే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక మనిషి చచ్చిపోయాడు, నేనేమో నా ఉద్యోగం నిలబడిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆయన వెళ్లాక మేడం లేచి బ్యాగు తగిలించుకున్నారు. “నడువ్. ఆమె ఇంటికి పోదాం,” అన్నారు.

మన ఎంబసీ వాళ్లు కలగజేసుకుంటే శవం వచ్చి, దహనం అయిన మూడో రోజు అది. ఒక్క గది, బయట రేకు కింద సూర్యనారాయణ అన్న కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆదిలక్ష్మి లేవబోయింది. మేడం కింద చాప మీద కూర్చుని నా వైపు చూశారు. ఆవిడే చెబుతారనుకున్నాను. ఆవిడ నన్నే చూస్తూ కూర్చున్నారు. గోడ వైపు చూశాను, నేల వైపు చూశాను. ఇక తప్పక నోరు విప్పాను. “మీరు డబ్బు సరిగ్గానే ఇచ్చారు. కోడ్ తప్పు రాసింది నేను. దేశం చూసుకోలేదు.”

ఆదిలక్ష్మి తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది.  ఆమె బయట కూర్చున్న బావను పిలిచింది. “ఇన్నావా బావా? నాను పంపినాను. చీటీ డబ్బులు నాను దాచుకున్నానన్నారు గదా అందరూ. ఆఖర్న ఫోనులో ఆయనా అదే అడిగినాడు, ‘పంపనేదేటే?’ అని. పంపినాను బాబో అని ఏడిస్తే నమ్మనేదు.” అప్పుడు నా వైపు తిరిగింది. “ఆ మాట ఆరోజే సెప్పి ఉంతే నమ్మేవోడు గదమ్మా. ఒక్క కాయితం మీద రాసివ్వండి, నాను పంపినానని. మాటంతే ఎవలూ నమ్మరు.”

మర్నాడు మేడం ఆ కాగితం రాశారు. ఖాతాదారు ఫలానా రోజున పూర్తి సొమ్ము కట్టింది, కోడ్ నింపింది బ్యాంకు సిబ్బంది, పొరపాటు బ్యాంకుదే అని నాలుగే వాక్యాలు. పై ఆఫీసును అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. సంతకం పెట్టి, ముద్ర వేసి, కాగితాన్ని కాసేపు బల్ల మీదే ఉంచారు. ఆవిడ సంతకం పక్కన ఇంకొకరికి సరిపడా చోటుంది. నేను ఎదురుగానే ఉన్నాను, చేతిలో పెన్ను కూడా ఉంది. మేడం పెట్టమనలేదు, నేను పెడతాననలేదు. రుమాలు ముక్కుకు పెట్టుకుని, కాగితం మడిచి, ఆవిడే కాప్రా వెళ్లి ఇచ్చొచ్చారు.

ఆ కాగితం తిరిగి తిరిగి పై ఆఫీసుకు చేరింది. విచారణ జరిగింది. పదవీ విరమణకు ఐదు నెలల ముందు ఆవిడను బల్ల నుంచి తప్పించి పాత ఫైళ్ల గదిలో వేశారు. రిటైరయ్యాక రావాల్సిన సొమ్ము రెండేళ్లు ఆపారు. విచారణలో నన్ను అడిగితే, “సరిచూసి పంపాల్సింది మేడమే” అన్నాను. అబద్ధం కాదు, కానీ అంతకంటే నీచమైన నిజం నేను జన్మలో చెప్పలేదు. నాకు ఆ మరుసటేడు ప్రమోషన్ వచ్చింది.

ఆవిడ పోయే ముందు ఒకసారి బొల్లారం వెళ్లాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, బాగా చిక్కిపోయారు. ఏవేవో మాట్లాడి, లేచేముందు అనేశాను. ఏళ్ల తరబడి దాచుకున్న మాట. “ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టాల్సింది మేడం.” పోనీలే, చిన్నదానివి, ఉద్యోగం కొత్త అంటారని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే వెళ్లాను.

“అవును. పెట్టాల్సిండె,” అన్నారు మేడం. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. కోడ్ సరిచూసినప్పుడు తప్పును తప్పు అనేవారే, అలాగే అన్నారు. “నేను గూడ ఆ రోజు నీ మాట విని కండ్లు మూసుకున్న. అది నాది, నేను మోసిన. నీది నువ్వే మోయాలె పద్మా.” ఆ తర్వాత, చాయ్ తాగి పొమ్మన్నారు. తాగి వచ్చాను.

ఇప్పుడు నా బల్ల దగ్గర ఎవరూ ఖాళీ ఫారం మీద సంతకం పెట్టరు. నింపడం రానివాళ్లకు నేను నింపి, ప్రతి గడీ పైకి చదివి వినిపించి, అర్థమైందన్నాకే పెన్ను ఇస్తాను. లైను పెరిగి జనం విసుక్కుంటారు, మా బ్రాంచిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు వెనక నవ్వుకుంటారు. దీంతో నా బాకీ తీరుతుందని నేను అనుకోవడం లేదు. భార్య మోసం చేసిందనుకుంటూ పోయిన ఆ మనిషికి నిజం చెప్పడానికి, తప్పు తెలిశాక నాకు మూడు రోజుల వ్యవధి ఉండింది, చెప్పలేదు.