కొసరు సీట్లు

మా వంశంలో కందిపప్పు బేరమాడినవాళ్లున్నారు, మిరపకాయ బస్తాలు బేరమాడినవాళ్లున్నారు. విమానాన్ని బేరమాడి, ధర తెగ్గొట్టి, పైన కొసరు కూడా రాబట్టినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. అంత తెలివితక్కువ పని మా తెనాలి బజారులో ఇంతవరకు ఎవరూ చెయ్యలేదని కూడా గర్వంగానే చెప్పుకుంటాను.

అది 2020 వేసవి. దుబాయ్ నుంచి మామూలు విమానాలు లేవు. ప్రభుత్వం అనుమతించిన ప్రత్యేక విమానాలే దిక్కు. చేతిలో డబ్బులేనివాళ్ల టికెట్టుకి కాన్సులేటు నిధి నుంచి సాయం అందేది. మనుషుల్ని పోగుచేసి, పరీక్షలు చేయించి, ఎక్కించే చాకిరీ మాత్రం మాలాంటి తెలుగు సంఘాల నెత్తిన పడింది. జెబెల్ అలీలో నా ఉద్యోగం అప్పటికే ఊడింది. వీసా రద్దయింది, గది ఖాళీ చేశాను. సంఘం మాట్లాడుకునే విమానంలోనే నేనూ వెళ్లిపోయేవాణ్ని కాబట్టి సంఘం వాళ్లు నన్నే ఇన్‌ఛార్జిని చేశారు. మొదటి వరుసలో కిటికీ సీటు నాకు నేనే రాసుకున్నాను.

విమానం మాట్లాడిపెట్టిన ట్రావెల్స్ ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాదువాడు. ధర కుదిరాక కూడా నేను కుర్చీలోంచి లేవలేదు.

"కొసరు సంగతి తేల్చు" అన్నాను.

"ఏం భాయ్, విమానమంటే కూరగాయల బండి అనుకున్నవా?"

"మా నాన్న వీశెడు పప్పుకే కొసరు వేసేవాడు. ఇంత విమానానికి నువ్వు వెయ్యవా?"

వాడు స్క్రీన్ వైపు చూసి, నన్ను చూసి నవ్వాడు. "ఖలాస్. ఆఖరి వరుసల మూడు సీట్లు తీస్కో. ఫ్రీ."

ఆ నవ్వు దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. మా నాన్న కొసరు ఎక్కడి నుంచి తీసేవాడో నాకు తెలుసు. మా తెనాలి కొట్లో గల్లాపెట్టె కింద వేరే డబ్బా ఉండేది. అందులో నూకలు, పుచ్చులు, గోతాం అడుగున మిగిలిన మట్టిగింజలు. అందులోంచి గుప్పెడు తీసి, ఎంతో ప్రేమగా సంచిలో పోసేవాడు. ఆ డబ్బా రోజూ నింపింది నేనే. అయినా దుబాయ్‌లో నాకు ఎవరో సన్నబియ్యం కొసరు వేశారని నమ్మాను.

ఆలస్యంగా పేరిచ్చిన ముగ్గురికి ఆ సీట్లు పంచాను. ఇద్దరు సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండే తాపీమేస్త్రీలు, జగిత్యాల వైపువాళ్లు. మూడో మనిషి నరసాపురం అమ్మాయి, కల్బాలో ఒక చిన్న క్లినిక్కులో నర్సు. క్లినిక్కు మూతపడటంతో జీతమూ పోయింది, ఇన్సూరెన్సూ పోయింది. ఎనిమిదో నెల. ఆ వారం దాటితే విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. నరసాపురం చేరితే ఆమె అక్క పనిచేసే ఆసుపత్రిలో కాన్పు. ఇక్కడే ఉండిపోతే కాన్పు ఎక్కడో, బిల్లు ఎవరు కడతారో చెప్పేవాళ్లు లేరు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?" అని ఫోన్లో కసిరాను. "ఈ సీటు నా బేరంతో వచ్చింది. గుర్తుపెట్టుకో."

"గుర్తుంచుకుంటానండి" అంది.

ఎయిర్‌పోర్టు క్యూలో నన్ను తిట్టనివాళ్లు లేరు. కుటుంబాలకి పక్కపక్క సీట్లు రాలేదని కొందరు, పులిహోర పొట్లాలు చిన్నవని కొందరు. పొట్లాలు చిన్నవే, వాటినీ నేనే బేరమాడాను. అందరికీ ఎదురు తిట్లు అప్పగిస్తుండగా కౌంటర్ దగ్గర ఆ ముగ్గుర్నీ ఆపేశారు. ఆఖరి వరుస ఖాళీగా ఉంచాలట. దారిలో ఎవరికైనా జ్వరం వస్తే అక్కడికి మార్చి కూర్చోబెట్టడానికట. అది రూలు. నేను కొసరుగా గెలిచింది జ్వరం వచ్చినవాళ్ల వరుస.

ముదీర్‌కి ఫోన్ చేశాను.

"కొసరు అడిగినవ్, ఇచ్చిన" అన్నాడు. "కూసోనిస్తరని అన్ననా భాయ్?"

నర్సు నా ఎదుటికి వచ్చి నిలబడింది. "మీ బేరం సీటు ఇదేనాండీ?"

"వచ్చే ఫ్లైటులో మొదటి పేరు నీదేనమ్మా."

"అప్పటిదాకా ఆగమని మీరే చెప్పండి దీనికి" అని పొట్ట చూపించింది. "మీ మాటలు వింటుందేమో."

క్యూ వైపు తిరిగి, ఎవరైనా ఒక్కరు ఆగగలరా అని అడిగాను. ఆఫీసు బ్యాగు తగిలించుకున్న పెద్దమనిషి ఒకాయన, "ఇన్‌ఛార్జి మీరు కదండీ, మీరే చూసుకోవాలి" అని ఫోన్లో తల దూర్చాడు. మిగతావాళ్లు ఆ మాత్రం మర్యాద కూడా చూపలేదు.

మేస్త్రీల్లో పెద్దవాడు తన సంచి కౌంటర్‌కి అడ్డంగా పడేసి దాని మీద కూర్చున్నాడు. రెండోవాడూ కూర్చున్నాడు. క్యూ ఆగిపోయింది.

"మా ఇద్దరి ముచ్చట తర్వాత చూద్దాం సారూ" అన్నాడు పెద్దవాడు. "ముందుగాల ఆ బిడ్డను ఎక్కియ్యి. నీ సీటున్నది గద."

"నేను ఉండిపోతే ఎలా? విమానంలో ఇన్‌ఛార్జి ఉండాలి."

"పైలట్ ఉన్నడు గద సారూ. నువ్వు బయటుంటె గూడ ఎగుర్తది."

క్యూలో నవ్వులు. ఇంతసేపు నన్ను తిట్టినవాళ్లు ఒక్కసారిగా న్యాయమూర్తులైపోయారు. "ఇచ్చేయండి సార్, ఆడమనిషి కదా" అని ఆఫీసు బ్యాగాయన కూడా సలహా పారేశాడు. పోలీసు అటుగా వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. మేస్త్రీలు కదల్లేదు. విమానం వెళ్లిపోతే అందరం ఇక్కడే. ఇంక బేరానికి నా దగ్గర ఏమీ లేదు.

అయినా అలవాటు పోదు. "సరే. నా పెట్టె ఒకటి నీతో తీసుకెళ్లమ్మా, సీటుతో పాటు బరువు కూడా వస్తుంది కదా" అన్నాను.

"నాకున్న బరువు చాలండి" అంది. బోర్డింగ్ పాస్ అందుకుని చూసి, "కిటికీ పక్కన వద్దండి, మాటిమాటికీ లేవాలి. ఇటు నడవ పక్క సీటుకి మార్పించండి" అంది.

అక్కడే నిలబడి, నేను ఎక్కని విమానంలో ఆమెకి నడవ పక్క సీటు బేరమాడి ఇప్పించాను. ఆమె థాంక్స్ చెప్పలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు.

నాకు గది లేదు. మేస్త్రీలిద్దరూ క్యాంపు బాస్‌కి నన్ను చుట్టమని చెప్పి సోనాపూర్ తీసుకెళ్లారు. జాలిపడి కాదు. "కండ్ల ముందట ఉంటెనే మా టికెట్టు యాదికుంటది నీకు" అన్నాడు పెద్దవాడు. గదిలో నా పేరు కొసరు సార్ అయిపోయింది. పప్పు వడ్డించేటప్పుడు అందరికీ ఇంకో గరిటె పడేది, నా పళ్లెం దగ్గర గరిటె ఆగిపోయేది. "నీకు ఆఖరి వరుసల పెట్టినం సారూ" అనేవాడు చిన్నవాడు. ఉన్నంత తిని పళ్లెం కడుక్కునేవాణ్ని. ఇంకో గరిటె అడిగే మొహం లేదు. మూడు వారాలకి మరో విమానంలో ముగ్గురం బయల్దేరాం. ఈసారి ధర ఎంతంటే అంత ఇచ్చాను, కొసరు మాటెత్తలేదు.

నర్సు నుంచి మెసేజీ ఏమీ రాలేదు. ఆడపిల్ల పుట్టిందని సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో పెడితే చూశాను.

ఇక బిల్లు. బేరంలో వచ్చినవి మూడు సీట్లు, మూడూ కూర్చోనివ్వనివి. పోయినవి నా సీటు, మళ్లీ కొన్న నా టికెట్టు, ఆ మేస్త్రీలిద్దరూ నా మూలంగా సోనాపూర్‌లో అదనంగా గడిపిన మూడు వారాలు. ఆమె ప్రయాణాన్ని నా జమలో వేసుకోవాలని చాలాసార్లు చెయ్యి లేచింది. వేసుకోను. ఆ సీటు నేనిచ్చింది కాదు, క్యూకి అడ్డంగా కూర్చుని వాళ్లిద్దరూ నా దగ్గర గుంజుకున్నది. ఆ జమ వాళ్లది. నాది ఖర్చు మాత్రమే.