ఐదో పున్నం

పెళ్లయిన నాటి నుంచి నా నెలసరికి ఒక పద్ధతంటూ లేదు. ఒకసారి రెండు నెలలకు, ఇంకోసారి నెల తిరక్కుండానే. పిల్లలు కలగకపోయేసరికి అత్తమ్మ మొక్కింది: వరసగా ఐదు పున్నాలు మేమిద్దరం పీటల మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేయాలని. ఇల్లు అమీర్‌పేట సందులో, మా ఆయన టైలరింగ్ షాపు పైన. చుట్టాలంతా వచ్చాక నేను బయట ఉంటే ఎట్లా అని, ప్రతి పున్నానికీ వారం ముందే మెడికల్ షాపు నుంచి అత్తమ్మే డేట్ ఆపే గోలీలు తెచ్చేది.

వ్రతం కాగానే గోలీలు మానేస్తే రెండు మూడు రోజుల్లో అయ్యేది. నెలనెలా, తప్పకుండా.

"చూసినవా బిడ్డా, స్వామి దయ. డేట్ మస్తు సక్కగైంది," అని అత్తమ్మ పొంగిపోయింది. నేనూ పొంగిపోయాను. ఆ సంబరం తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

నాలుగు పున్నాలు అయ్యాయి. కడుపు పండలేదు. ఐదో పున్నం ఇంకో ఎనిమిది రోజులుందనగా పంజాగుట్టలో డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. గోలీల సంగతి విని ఆవిడ తల పట్టుకుంది.

"అది నెలసరి కాదమ్మా, మాత్ర ఆపితే వచ్చే రక్తస్రావం. గుడ్డు విడుదలయ్యాక రెండు వారాలకు వచ్చేదే అసలు నెలసరి. మీకు అసలే గుడ్డు ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు. దాన్ని కూడా ఈ మాత్రలు ఆపేస్తుండొచ్చు."

స్కాన్ చేస్తూ తెర నావైపు తిప్పింది. నల్లగా, గుండ్రంగా ఒక మచ్చ.

"గుడ్డు ఉండేది ఇందులోనే. ఈసారి బాగా పెరుగుతోంది. నాలుగైదు రోజుల్లో విడుదల కావచ్చు. గోలీల జోలికి పోకండి."

మెట్రో ఎక్కకుండా నడిచే వచ్చాను. దారిలో ఎవరో ఒకరిని ఆపి చెప్పాలనిపించేంత సంతోషం.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. ఈసారి గోలీ వేసుకోనన్నాను.

"ఆఖరి పున్నం బిడ్డా. చుట్టాలందరికి చెప్పిన. నువ్వు బయటైతే మొక్కు మొత్తం పాయె. నీకెప్పుడైతదో నీకే ఎర్క లేదు. గీ ఒక్కసారికి ఏం కాదు."

మా ఆయన వైపు చూశాను. జాకెట్టుకు హుక్కులు కుడుతూ తల ఎత్తలేదు.

"అమ్మ ఒక్కపొద్దులుంటున్నది గదా. జర ఏస్కో," అన్నాడు.

నాకు నోరు లేక కాదు. పిల్లల్లేని కోడలి మాట ఆ ఇంట్లో చెల్లదు. మొక్కు చెడితే రేపు ఆ నింద కూడా నా నెత్తినే. వేసుకున్నాను. మళ్లీ స్కాన్‌కి రమ్మన్న రోజున వెళ్లలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్లను?

పున్నం నాడు పట్టుచీర కట్టుకుని, కొంగుముడితో పీటల మీద కూర్చున్నాను. కథలన్నీ అయ్యాక పంతులుగారు మా తలల మీద అక్షింతలు వేసి, "శీఘ్రమేవ సంతాన ప్రాప్తిరస్తు" అని దీవించారు. అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. పొద్దున మింగిన గోలీ చేదు ఇంకా నా నోట్లోనే ఉంది.