తలుపు తెరుచుకోని సింఫనీ

ఐదేళ్లుగా మా విశ్వవిద్యాలయంలో, ఏడాదికొకసారి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఎన్నడూ విననివాళ్లను పిలిచి ఒక జర్మన్ స్వరకర్త సింఫనీ వినిపిస్తున్నాను. నాలుగు భాగాలు. మూడోది చీకట్లో తడుముకుంటున్నట్టు గుసగుసగా సాగి, ఎక్కడా ఆగకుండా నాలుగోదానిలోకి దూకుతుంది. వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. "అక్కడ తలుపు తెరుచుకుంటుంది, కాచుకోండి" అని ముందే చెబుతాను. ఆ క్షణం ఒక్కరికైనా అందాలన్నదే నా కోరిక.

ఒక్కరికీ అందలేదు. ఆవులిస్తూ బయటికి వచ్చేవాళ్లు. "మంచిగున్నది సార్, చాయ్ ఉన్నదా?" అని అడిగినవాడి ముఖం నాకింకా గుర్తుంది. వచ్చి విన్న ఒక లెక్చరర్ అయితే తార్నాకలో చాయ్ హోటల్ దగ్గర నలుగురి ముందు, "మీ జర్మనాయన జోలపాట మస్తు పాడుతడు సార్" అని నవ్వాడు. అతనితో మూడేళ్లుగా మాటల్లేవు.

హాలు అడిగితే విరిగిన కుర్చీలు పడేసే గది ఇచ్చారు. వరండాలో ఎప్పుడూ గోల. అందుకని మొదటి భాగం అయిపోవస్తుండగానే నేను బయటికొచ్చి, తలుపు మూసి, కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాణ్ని. లోపలిది చెవిన పడని ఆ గోలలో కూర్చుని ఆ గది గురించే ఫిర్యాదు రాసేవాణ్ని.

ఈసారి హాస్టల్ మెస్‌లో వంట చేసే ఆవిడ వచ్చింది. మౌలాలిలో వాళ్ల చర్చిలో పాడుతుందట. అందరూ వెళ్లాక ఆగింది.

"తలుపు తెరుచుకుంటదన్నరు గద సార్. ఏడ తెరుచుకున్నది?"

"మీరు సరిగా విని ఉండరమ్మా."

"మంచిగనే విన్న. మొదటిది కాంగనే బ్యాండ్ బాజా అంత ఒక్కపారే లేసింది. దానెనుక గుసగుస. గా గుసగుస తలుపు కాడిదాంక తీస్కపోయి టక్కున ఆగింది. ఆఖరికి జోల పాడి పండవెట్టిండ్రు. ఏంది సార్ గిది?"

లాప్‌టాప్ తెరిచాను. ఆ నాలుగు ఫైళ్లకూ నేనే తెలుగులో పేర్లు పెట్టాను: ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నిటినీ కలిపి ఒకేసారి నొక్కేవాణ్ని. మొదట మొదటిదే వచ్చేది కాబట్టి అనుమానం రాలేదు. కంప్యూటర్ వాటిని అక్షరక్రమంలో పేర్చింది. తెరమీద వరుస: ఒకటి, నాలుగు, మూడు, రెండు.

ఐదేళ్లు!

"కూర్చోండమ్మా" అన్నాను. మూడు, దాని వెనకే నాలుగు పెట్టాను. మొదటిసారి నేనూ లోపలే కూర్చున్నాను. గుసగుస పెరిగి పెరిగి పగిలిన చోట ఆవిడ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"గిది! గిదే సార్!"

అయిపోయాక నా వైపు తిరిగింది. "గింత మంచిదాన్ని గిన్నేండ్లు గట్లెట్ల ఖరాబ్ చేసిండ్రు సార్?"

 

వరండాలోని కుర్చీ లోపలికి తెచ్చాను. పాతవాళ్లందరినీ మళ్లీ రమ్మని కబురు చేశాను, చాయ్ అడిగినవాణ్ని కూడా. లెక్చరర్‌కు మాత్రం నోటితో చెప్పలేదు. చీటీ రాసి పంపాను.