అక్కయ్య పలువరస

నేను అక్కయ్య అని పిలిచే మా పెద్ద తోడికోడలి పలువరస అంటే నాకు కడుపుమంట. ఇన్నేళ్ళు గడిచాక మర్యాదకి వేరే మాట వాడొచ్చు గాని, అప్పుడు ఉన్నది మంటే. ఆవిడ "మజ్జిగ పొయ్యనా?" అని అడిగితే చాలు, ఆ పళ్ళు చూసి అక్కర్లేనివాళ్ళు కూడా పోయించుకునేవారు. నా పళ్ళు తిరునాళ్ళలో జనంలాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. పెళ్ళయి దెందులూరు కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన ఏ దురుద్దేశమూ లేకుండా, "మా వదిన నవ్విందంటే ఇంట్లో దీపం పెట్టక్కర్లేదు" అన్నారు. ఆ సాయంత్రం నేను వంటింట్లో దీపం వెలిగించలేదు. ఎందుకని అడిగితే, "మీ వదినగారిని నవ్వమనండి" అన్నాను.

అవి పంతొమ్మిదివందల ముప్ఫైల నాటి రోజులు. అసలే వంకర పళ్ళ నాకు పై వరసలో, అందరికీ కనబడేచోట, ముందు పన్నే పుచ్చింది. లవంగం పెట్టాను. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. వాకుడు గింజల పొగ పట్టాను. పుట్టింటివాళ్ళు కొల్లేటి నుంచి కొర్రమీను పంపిస్తే పులుసు అందరూ తిన్నారు, నేను వాసన చూశాను. "చెల్లాయి పుట్టింటి చేప రుచే వేరండీ" అని అక్కయ్య ముక్క కొరుకుతూ మెచ్చుకుంది. చేప నాది, పళ్ళు ఆవిడవి! ఆ మెచ్చుకోలు పంటినొప్పికన్నా ఎక్కువ సలిపింది.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ విషయమైనా అది బాగా ఉన్నవాళ్ళనే అడగాలి. గేదెను కొనాలంటే పాడి బాగున్న ఇంటివాళ్ళని, విత్తనం కావాలంటే పంట బాగా పండినవాళ్ళని అడిగేవారు. మంచి పద్ధతే, కాదనను. అయితే అత్తగారు దాన్ని తీసుకొచ్చి పళ్ళకి కూడా తగిలించారు.

"పళ్ళ డాక్టరు సంగతి పెద్దకోడల్ని అడుగుదాం. దాని నోరు ఎంత బావుందో చూడండి" అన్నారు.

అక్కయ్య బుద్ధెరిగాక పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కిన మనిషి కాదు. ఆ నోటికి వేపపుల్ల తప్ప వేరే వైద్యం తెలియదు. అయినా అడిగేసరికి కాస్త ఆలోచించినట్టు తల వంచి, "ఏలూరు బజార్లో కొత్తగా వచ్చినాయన మంచివారంటున్నారండీ. అద్దాల బీరువా కూడా ఉందంట" అంది. నీకెలా తెలుసని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఓర్వలేక అడిగానంటారు.

మా ఆయన, అక్కయ్య, నేను పాసింజరు బండెక్కి ఏలూరు వెళ్ళాం. బీరువా నిజంగానే ఉంది. దాని నిండా నోళ్ళు లేని పళ్ళు. డాక్టరు నన్ను ఎర్ర మెత్త వేసిన కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లోకి ఒక్క చూపు చూసి, "ముందువి నాలుగూ తీసెయ్యాలమ్మా. కొత్తవి కట్టేద్దాం" అన్నాడు.

భయపడాల్సింది పోయి నాకు సంతోషం పొంగుకొచ్చింది. వంకరవి నాలుగు పోయి చక్కనివి నాలుగు వస్తున్నాయంటే ఎవరు వద్దంటారు? "వరసగా, సమంగా ఉంటాయాండీ?" అని అడిగాను.

ఆయన అక్కయ్య వైపు తిరిగాడు. "అమ్మా, మీరొకసారి నవ్వండి. ఆఁ, అదీ! చూశారా అండీ, అచ్చం ఇలాంటివే కడతాను. వీళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడితే ఎవరి పళ్ళు ఎవరివో మీరే పోల్చుకోలేరు" అన్నాడు మా ఆయనతో.

"నావే పెట్టుకోవే చెల్లాయ్" అని అక్కయ్య పెద్దమనసుతో ఇంకాస్త నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు.

నా ఒళ్ళు భగ్గుమంది. చచ్చేదాకా నేను నవ్విన ప్రతిసారీ ఊరంతా ఆవిడ నవ్వు చూడాలా? ఇల్లు ఆవిడది, పేరు ఆవిడది, చివరికి నా నోట్లో కూడా ఆవిడేనా? "నొప్పి తగ్గిపోయిందండీ" అని దవడ పట్టుకునే అబద్ధమాడి, కుర్చీ దిగి వచ్చేశాను.

మా ఊరి మిషను బడి పంతులమ్మగారికి ఈ సంగతి చెబితే ఆవిడ తాడేపల్లిగూడెంలో ఒకాయన ఉన్నారంది. "మా అమ్మ పన్ను పీకమని బతిమాలితే పీకనన్నారండి. కోప్పడి మరీ మందు పెట్టారండి." పీకుతానన్నవాడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చానేమో, పీకనన్న మనిషి నాకు వెంటనే నచ్చాడు.

మా ఆయనా నేనూ వెళ్ళి చూస్తే, ఆ డాక్టరుగారికి బీరువా లేదు. కుట్టుమిషనులాగా కాలితో తొక్కే యంత్రం ఒకటి ఉంది. సన్నటి ఊచతో పన్నుపన్నునీ తట్టి, చల్లనీళ్ళు పోసి, ఎక్కడ జిల్లుమంటోందో అడిగి, చాలాసేపు చూశారు. "పుచ్చింది ఒక్కటేనమ్మా. అదీ నింపితే నిలుస్తుంది" అన్నారు.

"ఏలూర్లో నాలుగూ తియ్యాలన్నారండీ. కొత్తవైతే బావుంటాయని..."

"బావుంటాయని పీకించుకుంటారా? కళ్ళు కూడా మార్పించుకుంటారా ఏంటి!" అని ఆయన అరిచిన అరుపుకి బయట బల్ల మీద కూర్చున్న మా ఆయన లేచి నిలబడ్డారు. తర్వాత డాక్టరుగారు యంత్రం తొక్కుతుంటే నాకు చుక్కలు కనబడ్డాయి. నొప్పి మాత్రం పోయింది. వంకర వంకరగానే ఉంది. పుచ్చిన చోట బూడిదరంగు మచ్చ మిగిలింది. నా పళ్ళు నాకు మిగిలాయి.

మరుసటి వానాకాలంలో అక్కయ్యకి మొదటిసారి పంటినొప్పి వచ్చింది. ఇంటి పద్ధతి ప్రకారం ఎవర్ని అడగాలి? అత్తగారు నా నోటికేసి చూశారు. వంకర, పైగా మచ్చ. ఏమీ అడగకుండానే మొహం తిప్పుకున్నారు. ఇక ఉండబట్టలేక నేనే అక్కయ్య మంచం దగ్గరికి వెళ్ళాను.

"అక్కయ్యా, ఏలూరు వద్దండీ. ఆయన మంచివాటిని కూడా పీకేస్తాడు. తాడేపల్లిగూడెం వెళ్దాం, నేనూ వస్తాను."

"నీలాగా మచ్చ పెట్టించుకోమంటావా?"

"దేవుడి మీద ఒట్టండీ, మీ మంచికే చెబుతున్నాను."

ఆవిడకి కోపం రాలేదు. దవడ మీద చెయ్యి ఆనించుకుని మెత్తగా అంది. "నా పళ్ళంటే నీకు ఎంత కంటగింపో ఇంటిల్లిపాదికీ తెలుసు కదే చెల్లాయ్."

అది నిజం. నేను చెప్పిందీ నిజమే. రెండు నిజాలూ ఒక్క నోట్లో ఇమడవని ఆవిడ అనుకుంది.

ఏలూరు నుంచి ఆవిడ పైటచెంగు నోట్లో కుక్కుకుని తిరిగొచ్చింది. ముందువి నాలుగూ లేవు. చిగుళ్ళు మానాక కొత్తవి కడతాడట. ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరారు. బావగారు విసనకర్రతో విసురుతున్నారు. నా పన్ను సలిపినప్పుడు నాకెవరు విసిరారు అని, సిగ్గులేని మనసు, అప్పుడు కూడా కుళ్ళుకుంది. అంతలోనే ఏడుపు ముంచుకొచ్చింది. ఆ పళ్ళని నేను చూసినంతగా ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. ఏ పన్ను అంచు ఎలా ఉండేదో నాకు తెలుసు. వెక్కి వెక్కి ఏడుస్తుంటే అత్తగారు నాకేసి చూసి, "ఇంక ఆపవే. నీ కళ్ళు చల్లబడ్డాయిగా" అన్నారు.

కళ్ళు తుడుచుకుని జావ కాచాను. చల్లార్చి, గిన్నె పట్టుకెళ్ళి, "కాస్త తాగండి అక్కయ్యా" అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారు నా చేతిలోంచి గిన్నె తీసుకున్నారు. అప్పుడు ఆవిడ లేచి కూర్చుని తాగింది.