నైట్రోజన్ కింద గడ్డకట్టిన జిగురు

ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రమై అప్పటికింకా పదేళ్లు నిండలేదు. ఆ వేసవిలో భిలాయిలో కర్మాగారం ప్రయోగశాలలో రంగులు, జిగుర్లు పరీక్షించే విభాగానికి నన్ను సీనియర్ కెమిస్టుగా వేశారు. మా పైన చీఫ్ కెమిస్టు శామ్యూల్ గారు. విజయనగరం వైపు మనిషి, కోపం ముక్కుమీదే ఉంటుంది. నాదీ తక్కువేం కాదు. అందుకే కాబోలు ఇద్దరికీ బాగా పడింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక శివ్‌నాథ్ నదిలో గాలం వెయ్యకపోతే ఆయనకది ఆదివారమే కాదు. వానపాము ఎర ముట్టరు, ఫ్లై కడతారు. ఫ్లై అంటే మరేం లేదు, గాలం కొక్కేనికి కోడి ఈకలూ దారమూ చుట్టి పురుగులా కనబడేట్టు చేసే ఎర. చుట్టడం అయ్యాక దారం ఊడకుండా చివర ఒక ముడి వెయ్యాలి. ఆ ముడి దగ్గరే ఆయనకు చిక్కు. ఉద్యోగంలో చేరిన కొత్తలో యాసిడ్ పడి కుడిచేతి రెండు వేళ్లు కొయ్యబారిపోయాయి. ఏళ్ల తరబడి ఆ ముడి ఆయన భార్య మేరీ అక్కే వేసిపెట్టేది.

"చేప పడితే పేరు మీది, ముడి ఊడితే తప్పు నాదీనా?" అని దెప్పుతూనే వేసేది. తర్వాత ఆవిడకు చూపు మందగించింది. సన్నదారం కనబడదు.

సరిగ్గా అప్పుడే, కొత్త యూనిట్ బిగించడానికొచ్చిన ఒక విదేశీ ఇంజినీరు తిరిగి వెళ్తూ ఆయనకు ఒక చిన్న సీసా, ఒక టార్చి ఇచ్చి వెళ్లాడు. అది యూవీ రెజిన్, అంటే అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే జిగురు. దారం చివర ఒక చుక్క పెట్టి ఆ టార్చి వెలుగు చూపిస్తే చిటికెలో రాయిలా గట్టిపడుతుంది. ముడితో పనే లేదు. అలాంటిది రాయ్‌పూర్ అంతా గాలించినా దొరికే రోజులు కావవి. శామ్యూల్ గారు దాన్ని పసిబిడ్డలా చూసుకున్నారు.

ఆ చూసుకోవడమే కొంప ముంచింది. మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. గాలి తగిలితే చెడిపోతుందనుకున్న దేన్నయినా సరే, సీసాలోకి నైట్రోజన్ ఊది లోపలి గాలిని తరిమేసి, మూత బిగించి, మైనం పూసి దాచేవాళ్లం. ఆయనా తన రెజిన్‌కి ఆ మర్యాదే చేశారు. ఎండాకాలమంతా చీకటి బీరువాలో ఉంచారు. తీసి చూస్తే చిక్కబడింది. వేడికేమోనని ఫ్రిజ్‌లో పెట్టారు. ఇంకా చిక్కబడింది.

ఒక మధ్యాహ్నం సీసా పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చారు. "ఏటమ్మా సుగుణా, ఇది బెల్లం పాకంలా అయిపోనాది. కాస్త అసిటోన్ పోసి పల్చన చేసీమంటావేటి?" అంటూ అసిటోన్ డబ్బా మూత తీసేశారు కూడా.

"ఆగండి సార్!" అని అరిచాను. పై అధికారి మీద అలా అరవచ్చా అంటే అరవకూడదు. కానీ అసిటోన్ కలిస్తే ఆ రెజిన్ మళ్లీ గట్టిగా పట్టదు, ఉన్న కాస్తా పోతుంది. డబ్బా ఆయన చేతిలోంచి లాక్కుని, ఏం చేసి దాచారో మొదట్నుంచీ చెప్పమన్నాను. నైట్రోజన్ మాట వినగానే నాకు సంగతి అర్థమైంది. ఈ జాతి రెజిన్ తనంతట తాను గడ్డకట్టకుండా అందులో ఒక మందు కలుపుతారు. ఆ మందు పనిచెయ్యాలంటే గాలిలోని ఆక్సిజన్ కావాలి. గాలిని తరిమేస్తే చీకట్లో ఉన్నా లోలోపల బిగుసుకుపోవడం మొదలవుతుంది. ఫ్రిజ్ చల్లదనానికి వచ్చిన చిక్కదనం వేరు, అది వెచ్చబెడితే పోతుంది. గడ్డకట్టింది మాత్రం ఏం చేసినా తిరిగి రాదు.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అయితే దాన్ని నేనే సంపీసేనన్నమాట" అన్నారు.

కిటికీ తెరలు వేసి ట్యూబులైట్లు ఆర్పించాను. సీసాకు నల్లకాగితం చుట్టి, చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లలో నిలబెట్టాను. కాసేపటికి పైభాగం కదిలింది, అడుగున జున్నులా పేరుకున్నది కదల్లేదు. కదిలినంత మేరా సన్న జల్లెడ గుండా ముదురురంగు సీసాలోకి దించాను. సగం కూడా రాలేదు. పైన గాలికి చోటు వదిలి మూత పెట్టి, ఎండ తగలని చల్లని అలమారలో ఉంచమని ఆయనకు అప్పగించాను.

ఆ ఆదివారం నన్ను సెక్టర్ 2లోని వాళ్ల క్వార్టరుకు పిలిచారు. మేరీ అక్క పక్కన కూర్చుని ఉండగా ఒక ఫ్లై చుట్టి, దారం చివర చుక్క పెట్టి, టార్చి వేశారు. "లాగి సూడు" అని నాకిచ్చారు. గట్టిగానే లాగాను. ఊడలేదు. మేరీ అక్క దాన్ని అందుకుని, చూపు ఆనదు కనుక గోటితో తడిమి చూసింది. "నా ముడి కంటే గట్టిగుందండీ" అంది. శామ్యూల్ గారు నవ్వబోయి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పాడైన వస్తువు చేతికొస్తే దేనివల్ల పాడైందని అడగడం మా వృత్తిలో అందరికీ అలవాటే. ఆ వేసవి తర్వాత నేను దానికి ముందు ఇంకొక ప్రశ్న చేర్చుకున్నాను: దీన్ని మనం ఎలా కాపాడాం? రిటైరయ్యేదాకా చూశాను, సగం తప్పులు అక్కడే దొరికేవి.